నాన్న పాయింట్ టూటూ రైఫిల్ నా పేరు మీదకి మారడానికి పదిహేడు నెలలు (నా అనుభవం)

నాన్న పోయింది 2023 డిసెంబర్ 9. ఆయన రైఫిల్ మళ్ళీ మా ఇంటికి వచ్చింది 2025 మే 14. ఈ మధ్యలో ఏమేం జరిగిందో తేదీలతో సహా రాస్తున్నా. నేను మొదలుపెట్టినప్పుడు గుంటూరులో ఎవర్ని అడిగినా ఒక్కొక్కళ్ళు ఒక్కో మాట చెప్పారు, సగం మంది అయితే "ఆడపిల్లవి నీకెందుకమ్మా, గవర్నమెంటుకి ఇచ్చేయ్" అన్నారు. ఇంట్లో పెద్దాయన తుపాకీ ఉండి ఏం చేయాలో తెలియని వాళ్ళకి ఇది పనికొస్తుంది.

తుపాకీ సంగతి ముందు చెప్తా. పాయింట్ టూటూ అంటే గొట్టం సైజు, అంగుళంలో 0.22 వంతు. బ్రనో మోడల్ 2, చెకొస్లొవేకియా తయారీ, ప్రతి తూటాకి పిడి (బోల్ట్) లాగి కొట్టేది, ఐదు తూటాల మ్యాగజైన్. నాన్న 1981లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మాకు కొల్లూరు వైపు కృష్ణా నది లంకలో నాలుగెకరాలుంది, పసుపు, కంద, అరటి వేసేవాళ్ళం. కంద ఊరే టైముకి పందికొక్కులు గట్లకి బొరియలు పెట్టి దుంపలు తినేసేవి. నాన్న పొద్దు వాలాక గట్టు మీద కదలకుండా కూర్చునేవారు, నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు వెనకాల కూర్చోనిచ్చేవారు. కాల్చాక ఎగిరిపడ్డ తూటా ఖాళీ తొడుగు, అంటే ఇత్తడి కేసు, ఏరి ఆయన చేతికివ్వడం నా పని. వేడిగా ఉండేది, మందు వాసన వచ్చేది. తర్వాత డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో అదే పాయింట్ టూటూతో 25 మీటర్ల దగ్గర ఐదు రౌండ్లు కొట్టా. నాకు తుపాకీతో ఉన్న పరిచయం అంతే, ఇప్పుడు ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటున్నా.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలందరూ వెళ్ళాక, డిసెంబర్ 22న బీరువా సర్దుతుంటే కింది అరలో దుప్పట్లో చుట్టి ఉంది. అమ్మ అక్కడే మంచం మీద కూర్చుని ఏడ్చింది. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది, ఎందుకంటే నాన్న పోయిన రోజు నుంచే ఆ లైసెన్సు ఎవరిదీ కాదు, అంటే ఆ తుపాకీ మా ఇంట్లో ఉండకూడదు, అప్పటికే పదమూడు రోజులు అయిపోయింది. తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్లో "అక్కా కార్లో వేసుకుని స్టేషన్‌లో ఇచ్చేసి రా" అన్నాడు. దయచేసి ఆ పని చేయొద్దు. లైసెన్సు లేని మనిషి తుపాకీ పట్టుకుని రోడ్డెక్కితే అదో కేసు. నేను స్టేషన్‌కి ఫోన్ చేసి ఇలా ఉందండీ అని చెప్పా, సాయంత్రానికి హెడ్ కానిస్టేబుల్ గారు, ఇంకో కానిస్టేబుల్ ఇంటికే వచ్చారు.

తూటాలు డైనింగ్ టేబుల్ మీద స్టీలు పళ్ళెంలో పోసి లెక్కపెట్టారు, 37. రెండుసార్లు లెక్కపెట్టి పంచనామా రాశారు. కానిస్టేబుల్ బోల్ట్ లాగి చూసి, ఖాళీ అని తెలిశాక ట్రిగ్గర్ నొక్కాడు, టక్కుమంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ రకం తుపాకీని ఖాళీగా నొక్కకూడదని నాన్న వందసార్లు చెప్పేవారు, పిన్ను తూటా అంచుని కొట్టేలా పెడతారు కదా, లోపల తూటా లేకపోతే అది నేరుగా గొట్టం అంచుకి తగిలి రెండూ పాడవుతాయి. నోరు తెరిచి చెప్పా, ఆయన పాపం వెంటనే "సారీ అమ్మా" అన్నాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. గొట్టం మీద కొట్టిన నంబర్ చివరి అంకె 7. లైసెన్సులో 1 అని ఉంది. నలభై ఏళ్ళు రెన్యువల్ చేస్తూ వచ్చారు, ఎవరో ఒకసారి చేత్తో ఎక్కించేటప్పుడు 7ని 1గా చదివారు, అదే కొనసాగింది. హెడ్ గారు మొహం మార్చారు, "ఇది ఆ తుపాకీయేనా" అని. నాన్న ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టేవారు, ఏ తారీఖున ఎన్ని తూటాలు కొన్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి అని, దాని మొదటి పేజీకి 1981 షాపు రసీదు గుండుసూదితో గుచ్చి ఉంది, అందులో 7 స్పష్టంగా ఉంది. ఆ రసీదు లేకపోతే నా కథ అక్కడితో ఆగిపోయేది. మీ ఇంట్లో తుపాకీ ఉంటే ఈ రోజే గొట్టం మీద నంబర్, లైసెన్సులో నంబర్ పక్కపక్కన పెట్టి చదవండి.

ఇంకో తప్పు నేను చేశా, తుపాకీకి నూనె రాయకుండా దుప్పటితోనే ఇచ్చేశా. దాని ఫలితం చివర్లో చెప్తా.

2024 జనవరి అంతా కాగితాలకే పోయింది. డెత్ సర్టిఫికెట్ తొందరగానే వచ్చింది, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సచివాలయం చుట్టూ మూడు వారాలు తిరిగా. వారసులందరూ అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి, తమ్ముడు బెంగళూరులో నోటరీ చేయించి కొరియర్ చేశాడు. అమ్మ సంతకం పెట్టడానికి నాలుగు రోజులు తీసుకుంది. "మీ నాన్నకి రాత్రిళ్ళు గట్టు మీద కూర్చునే సరదా ఉండేది, నీకు ఇద్దరు పిల్లలున్నారు" అంది. నేను వాదించలేదు. ఐదో రోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు సంతకం పెట్టిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఉన్న మనిషికి 70 ఏళ్ళు నిండినా, లేదా తుపాకీ కొని 25 ఏళ్ళు దాటినా, బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు మీదకి మార్పించుకోవచ్చు. నాన్నకి 74, తుపాకీకి నలభై దాటింది. మాకు ఆ సంగతి తెలిసుంటే ఆయనే నా పక్కన కూర్చుని సంతకం పెట్టేవారు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఫారం ఎ-1 నింపి, ప్రింటు తీసి ఫిబ్రవరి 26న కలెక్టరేట్‌లో ఇచ్చా. మూడు వారాలు కూడా కాలేదు, మార్చి 16న ఎలక్షన్ షెడ్యూల్ వచ్చేసింది, కోడ్ పడింది. కోడ్ ఉన్నన్ని రోజులు కొత్త లైసెన్సుల మాట ఎత్తరు, ఉన్న వాళ్ళ తుపాకులే స్టేషన్లలో పెట్టించుకుంటారు. మే 13 పోలింగ్, జూన్ 4 కౌంటింగ్. అంటే ఎండాకాలం మొత్తం ఎదురుచూపే.

ఆ ఖాళీలోనే నాకు తూటాలు సొంతంగా తయారు చేసుకోవాలన్న పిచ్చి పట్టింది. మా బాబాయి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, వాడి ఫ్రెండ్ పశువుల ఫారం దగ్గర కయోటీలు (నక్కల్లాంటివి) దూడల మీద పడుతుంటే వీళ్ళు పాయింట్ టూ టూ త్రీ (ఇది వేరే, పెద్ద తూటా) రైఫిల్‌తో కాపలా కాస్తారు. వాడు గ్యారేజీలో ప్రెస్సు బిగించుకుని కాల్చేసిన కేసులనే మళ్ళీ వాడతాడు. వీడియో కాల్‌లో గంటన్నర చూపించాడు, పాత కేసుని అచ్చులో నొక్కి సైజుకి తేవడం, అడుగున కాలిపోయిన ప్రైమర్ (పిన్ను కొడితే ముందు అంటుకునే చిన్న బిళ్ళ) తీసేసి కొత్తది పెట్టడం, మందు తూచి పోయడం, పైన గుండు కూర్చోబెట్టడం. మందు గ్రెయిన్లలో తూస్తారు, ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు. టేబుల్ మీద ఒక్క మందు డబ్బా మాత్రమే పెట్టుకుంటాడు, రెండు డబ్బాలుంటే ఎప్పుడో ఒకప్పుడు కలిసిపోతాయని. ప్రతి కేసులోకి లైటేసి చూస్తాడు, ఒకే కేసులో రెండుసార్లు మందు పడితే తుపాకీ మొహం మీదే పగులుతుందట. ఫిజిక్స్ చెప్పే దాన్ని కదా, నాకు ఇదంతా ల్యాబ్‌లాగా కనిపించింది, నిద్ర పట్టలేదు, మర్నాడే 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా 650 రూపాయలకి ఆర్డర్ పెట్టేశా.

నా ఆశ మీద నీళ్ళు పోసింది విజయవాడలో తుపాకుల షాపు పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి, ముక్కు చివర కళ్ళజోడు. నేను అడిగింది మొత్తం విని, సొరుగులోంచి కాల్చేసిన పాయింట్ టూటూ కేసు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి "దీని అడుగు చూడమ్మా, ప్రైమర్ ఎక్కడుందో చూపించు" అన్నారు. అడుగు నున్నగా ఉంది, మధ్యలో ఏమీ లేదు. అంచు మీద మాత్రం చిన్న సొట్ట. అప్పుడు చెప్పారు, ఈ తూటాలో అంటుకునే మందు అంచు మడతలోనే ఉంటుంది, పిన్ను అంచుని నలిపితే అది అంటుకుంటుంది, ఒకసారి నలిగిన అంచు ఇక దేనికీ పనికిరాదు. మా బాబాయి కొడుకు వాడే టూ టూ త్రీకి ప్రైమర్ మధ్యలో విడిగా ఉంటుంది కాబట్టి మార్చుకోవచ్చు. "ఇంకోటి, అమెరికాలో వాళ్ళకి చెల్లుతుంది గానీ ఇక్కడ ఇంట్లో తూటా తయారు చేస్తే నువ్వు జైలుకే" అన్నారు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 అది, తయారీకి వేరే లైసెన్సు ఉండాలి, మనకిచ్చేది కొనుక్కుని దగ్గర పెట్టుకోవడానికి మాత్రమే. కాబట్టి వీడియోలు చూసి ఎవరైనా మందు, ప్రైమర్లు అంటూ వెతుకుతుంటే అక్కడే ఆగిపోండి.

కోడ్ ఎత్తేశాక జూన్ మూడో వారంలో కలెక్టరేట్‌కి వెళ్తే నాన్న పాత ఫైలు కావాలన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మా ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, నాన్న లైసెన్సు ఊరి అడ్రస్ మీద ఉంది, నేను ఉండేది గుంటూరు బ్రాడీపేట. ఇక్కడ వాళ్ళు ఫైలు అక్కడికి పంపేశామన్నారు, అక్కడ వాళ్ళు మాకు రాలేదన్నారు. బాపట్లకి మూడుసార్లు వెళ్ళొచ్చా, ప్రతిసారీ కాలేజీకి సెలవు పెట్టి. ఐదు వారాలకి ఫైలు దొరికింది, ఒక గుమస్తా గారు నా ఎదురుగానే బీరువా పైన ఉన్న కట్టలన్నీ దించి దుమ్ము దులిపి వెతికారు. ఆయన పేరు రాయకూడదు గానీ ఆయనకి నేను రుణపడి ఉంటా.

ఆగస్టు 20న ఎస్సై గారు వెరిఫికేషన్‌కి వచ్చారు. పక్కింటి వాళ్ళని అడిగారు, బీరువా చూశారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లల వయసెంత అని అడిగారు. అమ్మని విడిగా అడిగారు. "మా అమ్మాయికి కోపం తక్కువండీ, మతిమరుపు అసలు లేదు" అని అమ్మ చెప్పింది వంటింట్లోంచి నాకు వినపడింది.

ఇక కదిలింది అనుకునేలోపే సెప్టెంబర్ వచ్చింది. బుడమేరు విజయవాడని ముంచింది, 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. మా లంక మొత్తం నీళ్ళలోకి పోయింది, అరటి పడిపోయింది, పసుపు కుళ్ళిపోయింది. ఆఫీసుల్లో వాళ్ళందరూ వరద డ్యూటీలో ఉన్నారు, ఫైలు గురించి అడగడానికి నాకే మనసొప్పలేదు. నీళ్ళు తీశాక మా కౌలు రైతు ఫోన్ చేసి, మిగిలిన ఎత్తు గట్టు మీదకి ఊళ్ళో ఉన్న ఎలకలు, పందికొక్కులు అన్నీ చేరాయమ్మా, అడుగుకో బొరియ ఉంది అన్నాడు.

నవంబర్‌లో మెడికల్. కళ్ళ పరీక్ష, మామూలు పరీక్ష అయ్యాక మానసిక డాక్టర్ దగ్గరికి పంపారు. ఏవో ప్రశ్నలు అడిగి సంతకం పెడతారనుకున్నా. ఆవిడ పెన్ను పక్కన పెట్టి "నాన్నగారు పోయాక నిద్ర పడుతోందా" అని అడిగారు. పదకొండు నెలల్లో ఆ మాట నన్ను అడిగింది ఆవిడే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది, ఏడిస్తే సర్టిఫికెట్ ఇవ్వరేమో అని భయం కూడా వేసింది. ఆవిడ నీళ్ళిచ్చి, పావుగంట మాట్లాడించి, తర్వాతే సంతకం పెట్టారు.

2025 జనవరిలో ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల దగ్గర రెండు రోజుల ట్రైనింగ్. పద్నాలుగు మందిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. లోడ్ చేయడం, ఖాళీ చేయడం, మూతి ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకపోవడం, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉంచడం. లైసెన్సు ఏప్రిల్ 3న చేతికొచ్చింది, ఐదేళ్ళకి. స్టేషన్ నుంచి తుపాకీ విడిపించుకునే ఆర్డర్‌కి ఇంకో నలభై రోజులు పట్టింది. చలానాలు, నోటరీలు, తిరుగుళ్ళు కలిపి నాకు పదకొండు వేల దాకా అయ్యింది, సెలవులు వేరే.

మే 14న దుప్పటి విప్పి చూస్తే గొట్టం మీద జానెడు మేర ఎర్రగా తుప్పు. పదిహేడు నెలలు, మధ్యలో ఒక వానాకాలం, నూలు దుప్పటి చెమ్మంతా పీల్చి ఇనుముకి పట్టించింది. ఇచ్చేముందే గొట్టం లోపలా బయటా గన్ ఆయిల్ పట్టించి, దుప్పటి తీసేసి ఇచ్చి ఉండాల్సింది, మధ్యలో ఒకసారి పర్మిషన్ అడిగి వెళ్ళి తుడవాల్సింది. షాపు పెద్దాయన సన్నటి స్టీల్ ఊల్, నూనెతో రెండు రోజులు కూర్చుని తీశారు, 2,500 తీసుకున్నారు. లోపలి గాడులకి ఏం కాలేదన్నారు, నాకు ఊపిరొచ్చింది.

తూటాలు ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్నది లైసెన్సు మీదే రాసి ఉంటుంది, నాకు 50, 100. పాత 37 తిరిగిచ్చారు కాబట్టి మొదట 13 మాత్రమే కొనగలిగా, ఈ లెక్క ముందు తట్టలేదు. జూన్‌లో రేంజ్‌కి తీసుకెళ్ళి 50 మీటర్ల దగ్గర ముందు పాతవే కాల్చా. 37లో 6 పేలలేదు. పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకూడదు, మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. ఆ అర నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. పేలినవి కూడా ఐదు గుండ్లు తొమ్మిది సెంటీమీటర్ల మేర చెదిరాయి.

కొత్తవి రెండు బ్రాండ్లవి తెచ్చాక ఆ 650 రూపాయల కాటా బయటికి తీశా. తయారు చేయలేకపోయినా తూచడానికి ఎవరూ వద్దనరు కదా. రాత్రి పిల్లలు పడుకున్నాక గది గడియ పెట్టుకుని, ఒక్కో తూటా తూచి నాన్న నోట్‌బుక్‌లోనే రాసుకున్నా, 3.33 గ్రాముల నుంచి 3.41 దాకా వచ్చాయి. దగ్గర దగ్గర బరువువి ఒక గుంపుగా పెట్టి కాలిస్తే తేడా వస్తుందని గట్టి నమ్మకం. వచ్చింది చాలా కొంచెం, గుండ్లు చెదిరే వెడల్పు మూడు సెంటీమీటర్లది రెండున్నర అయ్యింది. అంతకంటే ఎక్కువ తేడా వచ్చింది రెండు పనుల వల్ల. ఒకటి, డబ్బా మీద లాట్ నంబర్ (ఏ విడతలో తయారయ్యాయో చెప్పేది) ఒకటే ఉన్నవి కొనడం. రెండోది, బ్రాండ్ మార్చినప్పుడు మొదటి పది గుండ్లని లెక్కలోకి తీసుకోకపోవడం, ఎందుకంటే సీసం గుండు మీద పూసిన మైనం లాంటి పూత గొట్టంలో సర్దుకునేదాకా గుండ్లు ఒక్కచోట పడవు. పెద్దాయన ఇది ముందే చెప్పారు, నేనే నమ్మలేదు.

పొలానికి అక్టోబర్‌లో వెళ్ళా. మూడు సాయంత్రాలు కూర్చుని రెండే గుండ్లు కాల్చా, ఒక పందికొక్కు పడింది. మిగతా సార్లు వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళలేదు. ఇంత చిన్న గుండు కిలోమీటరున్నర దాటి పోగలదు, మా లంక బల్లపరుపుగా ఉంటుంది, అవతల ఇళ్ళు, పడవల వాళ్ళు. వెనకాల మట్టి గట్టు ఉండి, పై నుంచి కిందికి చూసి కొట్టేలా ఉంటేనే కాల్చాలి. నిజం చెప్పాలంటే ఎలకలు తగ్గింది వాటిని పట్టే బుట్టలు పెట్టించడం వల్లే, రెండు రాత్రుల్లో నలభై పైన పట్టారు. తుపాకీ ఉందని తెలిసి పల్నాడు వైపు చుట్టాలు అడవి పందుల్ని కొట్టమని అడిగారు, రానని చెప్పేశా. అటవీ శాఖ అనుమతి లేకుండా అది నేరం, అనుమతి ఉన్నా ఈ తూటా పందిని చంపదు, గాయం చేసి వదిలేస్తుంది, ఆ జంతువు వారం రోజులు నరకం పడుతుంది.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్ళి నేర్చుకోవాలని ఉంది, కానీ నా లైసెన్సులో ఏరియా అన్నచోట ఆంధ్రప్రదేశ్ అని ఉంది, తెలంగాణలోకి పట్టుకెళ్ళకూడదు. రాష్ట్రం విడిపోకముందు నాన్నకి ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఏరియా పెంచమని నవంబర్ 10న అప్లికేషన్ ఇచ్చా, నంబర్ తప్పు పడకుండా ఈసారి గుమస్తా గారి పక్కనే నిలబడి అంకె అంకె చదివించా. ఇంకా కబురు రాలేదు.